కండక్టరు గారి ఇంజను లేని ఇల్లు

మాణిక్యాలరావు రిటైరైన రోజున డిపో వాళ్ళు శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి, "ఇంక హాయిగా ఇంటిపట్టున కూర్చోండి గురువుగారూ" అన్నారు. రిటైరయ్యే ప్రతివాడికీ చెప్పే మాటే అది. కానీ ఆయనకి ఎక్కడో చివుక్కుమంది. కూర్చోడానికి ఇల్లేదీ? రాజోలు, అమలాపురం, కొత్తపేట రూట్ల మీద ముప్ఫై ఏళ్ళకి పైగా పల్లెవెలుగు బస్సుల్లో టిక్కెట్లు కొట్టిన మనిషి. ఏ ఊళ్ళో ఏ అరుగు మీద ఎవరు కూర్చుంటారో, ఏ కొబ్బరితోట ఏ అన్నదమ్ముడి వాటాకి వచ్చిందో అడిగితే చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. అలాంటివాడికి గడియారం తగిలించుకోడానికి సొంత గోడ లేదు. ఉన్నదల్లా మామిడికుదురు దగ్గర ఒక ఊళ్ళో వెనక వాటా, అదీ అద్దెది. ఆ గోడకి మేకు కొడితే ఇంటివాళ్ళు ఊరుకోరు.

మాణిక్యాలరావు మంచివాడే. కాకపోతే రెండు అవలక్షణాలున్నాయి. నోరు మూతపడదు. రెండోది, ఎవరేం చెప్పినా "ఓహో, అంతేకదా" అని అప్పటికప్పుడు పనిలోకి దిగిపోతాడు. ఆలోచన తర్వాత బస్సులో వస్తుంది.

భార్య లీలావతి పొడుగు మనిషి. పెళ్ళిచూపుల్లో వాళ్ళమ్మ ఆవిణ్ణి లేవనివ్వకుండా చాప మీద కూర్చోబెట్టే చూపించింది. పీటల మీంచి లేచాక గానీ పెళ్ళికొడుక్కి సంగతి తెలియలేదు. అద్దెవాటాల్లో వంటిల్లంటే పెరటివైపు దింపిన రేకుల వసారాయే. ఆ రేకుల కింద వంగి వంగి వండడం ఆవిడకి అలవాటైపోయింది. ఒకరోజు అమలాపురం బస్టాండులో ఆవిడ ముందు నడుస్తూ ఉంటే మాణిక్యాలరావు వెనక నుంచి చూశాడు. పైన ఆకాశం తప్ప మరేమీ లేని చోట కూడా తల వంచుకునే నడుస్తోంది. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. అంత నోరున్న మనిషీ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ వేసవికి ఇంటివాళ్ళబ్బాయి పెళ్ళి కుదిరింది. వాటా ఖాళీ చెయ్యమన్నారు. లీలావతి తమ్ముడు అంజిబాబుకి ఈ కబురు తెలిసి వెంటనే కారేసుకుని వచ్చాడు. రొయ్యల చెరువుల మీద బాగుపడి, రెండంతస్తుల మేడ కట్టిన మనిషి.

"మా పైగది ఖాళీయేగదండి బావగారూ. ఏసీ కూడా పెట్టించేను. వచ్చెయ్యండి, అంతే."

బావ బతుకు కోరే బావమరిది. వచ్చిన చిక్కంతా అదే. అతను చెడ్డవాడైతే ఏదో ఒక మాట అనేసి తప్పుకోవచ్చు. అతను మంచివాడు, భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. ఇంటికెవరొచ్చినా "మా బావగారండి, మా దగ్గరే ఉంటున్నారు" అని వీధి చివరి దాకా వినపడేలా పరిచయం చేస్తాడు. పొద్దున్నే రెండో కాఫీ కావాలంటే పైగదిలోంచి మెట్లు దిగి, వంటింటి గుమ్మం ముందు నిలబడి గొంతు సవరించుకోవాలి. ఇదంతా కళ్ళకి కట్టి మాణిక్యాలరావుకి ప్రాణం సగమైపోయింది.

సరిగ్గా అప్పుడే కొత్తపేట పక్కన ఒక తోటలో పడవ అమ్మకానికుందని చెవిన పడింది. ఒకప్పుడు కాలువ మీద కొబ్బరికాయలు మోసిన పడవ. లారీలొచ్చాక ఒడ్డెక్కి కోళ్ళగూడైంది. దానికి ఇంజను లేదు, ఎప్పుడూ లేదు. మాణిక్యాలరావుకి నచ్చింది కూడా అదే. బస్సు ఇంజన్ల రొదలో ఆయన ఎడమ చెవి సగం పోయింది. ఇంజనున్నది ఏదీ ఇక నా గుమ్మం తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, గుమ్మం లేకపోయినా.

తోట యజమాని కొండబాబు కొబ్బరిబొండాం కొట్టించి ఇచ్చి, కోళ్ళని తోలి, పడవ చూపించాడు.

"బాగానే ఉందాండీ?" అని అడిగాడు మాణిక్యాలరావు.

"ఆయ్, బాగానే ఉందండి."

"నీళ్ళు కారదు కదాండీ?"

"ఆయ్, కొంచెం కారుద్దండి."

"అయితే బాగోలేదన్నమాట."

"ఆయ్, అలాగే అనుకోండి. ఇంకో బొండాం కొట్టించమంటారా?"

అంత మర్యాదస్తుడి దగ్గర కొనకుండా రావడానికి మనసెలా ఒప్పుతుంది? కొనేశాడు.

ఇంటికొచ్చి చెబితే లీలావతి చేటలో బియ్యం పక్కన పెట్టి, భర్త మొహం కేసి తేరిపార చూసింది. "ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు. పడవ కట్టి చూడమని ఎవరన్నారండీ?"

"అద్దె లేదు, ఇంటివాళ్ళు లేరు. మన ఊరి పాతమిల్లు రేవులో కట్టుకుంటామంటే మిల్లు వాళ్ళు సరేనన్నారు. కాలువ మనది, గాలి మనది."

ఆవిడ చాలాసేపు రాళ్ళేరింది. అప్పుడంది: "సరే. కాలవ కట్టేసేలోపు ఆ పడవ మన రేవుకి రావాలి. రాలేదా, మా తమ్ముడి పైగదే. మధ్యలో ఇంకో అద్దెవాటా మాత్రం నేను చూడను, నా వల్ల కాదు. ఇంకో మాట. అది వచ్చినా అందులో నేను కాలు పెడతానని ఇప్పుడే మాటివ్వను."

కాలువ కట్టెయ్యడం అంటే, రెండో పంట దాళ్వా చేలు కోతకొచ్చాక ఏటా ఏప్రిల్లో పైన లాకుల తలుపులు దింపి నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ జూన్‌లో వదిలేదాకా కాలువంతా బురదే. ఆ రెండు నెలలేగా అనుకోవచ్చు. కానీ జూన్ దాకా బావమరిది పైగదిలో ఉన్నవాడు మరింక కిందికి దిగడని మాణిక్యాలరావుకి బాగా తెలుసు.

పనికి ఇద్దర్ని పెట్టుకున్నాడు. ఒకడు శ్యామ్‌బాబు, తలుపులూ కిటికీలూ చర్చి బల్లలూ చేసే వడ్రంగి. పడవెక్కితే అతనికి కళ్ళు తిరుగుతాయి. రెండోవాడు ఓడలరేవు పోలిరాజు, సముద్రం మీద ఇంజను బోటు నడిపిన మనిషి. గెడ వేసి పడవ తొయ్యడం వాళ్ళ తాతకి వచ్చు, అతనికి రాదు. ముగ్గురికీ కలిపి కాలువపడవ గురించి తెలిసింది సున్నా. ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు, పని చకచకా సాగింది.

చెక్కల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూశారు. తీరా కాలువలోకి దించితే పడవ నిండా ఊటే. ఎండిన చెక్క నానితే ఉబ్బి సందులు వాటంతటవే పూడుకుంటాయని గట్టు మీద పోయే పెద్దాయనెవరో చెప్పాడు. మాణిక్యాలరావు "ఓహో, అంతేకదా" అని పడవని పూర్తిగా ముంచేశాడు. ఆ మర్నాడే లీలావతికి ఎందుకో మనసు మెత్తబడి, కొత్త ఇల్లు ఎంతవరకూ వచ్చిందో చూద్దామని బస్సెక్కి వచ్చింది. రేవులో నీళ్ళు, ఆ నీళ్ళలోంచి పైకి తేలిన రెండు చెక్కకొసలు, ఒక కొస మీద కొంగ.

"ఇల్లేదండీ?"

"నానుతోంది."

ఆవిడ కాసేపు కొంగని చూసింది. వచ్చిన బస్సు వెనక్కి తిరిగేలోపే వెళ్ళి అందులో కూర్చుంది.

ఆ పెద్దాయన చెప్పింది నిజమే. పడవ నానింది, ఉబ్బింది, నీళ్ళు తోడేస్తే తేలింది. అప్పుడు దాని మీద గది లేపారు. ఇనప గొట్టాలు నిలబెట్టి, పైన రేకులు బిగించి, చుట్టూ చెక్క కొట్టారు. గది నమూనా ఎలా ఉండాలని శ్యామ్‌బాబు అడిగితే మాణిక్యాలరావు చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. తయారయ్యాక చూస్తే అది అచ్చం పల్లెవెలుగు బస్సు. రెండు వైపులా వరసగా కిటికీలు, పైన పట్టుకోడానికి పొడుగునా రాడ్డు, వెనకాల ఒక మెట్టు. ఆయనకి తెలిసిన గది అదొక్కటే, పాపం. ఒక్క విషయంలో మాత్రం బస్సుని పట్టించుకోలేదు. కప్పు. లీలావతి నిలబడి, ఇంకా పైన బెత్తెడు ఖాళీ ఉండేలా కొలత ఇచ్చాడు. "ఎత్తెక్కువైపోద్దేమోనండి" అని శ్యామ్‌బాబు నసిగాడు. "కానియ్యి. ఆవిడ ఇంక వంగకూడదు" అన్నాడు మాణిక్యాలరావు. అంతకుమించి చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది.

ఎత్తు సంగతి ఆయన మర్చిపోలేదు. దారిలో వంతెనలున్నాయి. అందుకని ఒక వెదురుకర్ర తీసుకుని, నీటి మట్టం నుంచి కప్పు దాకా ఎంతుందో గాటు పెట్టాడు. ఆ కర్ర భుజాన వేసుకుని, పోలిరాజు మోటారుసైకిలు వెనక కూర్చుని, కొత్తపేట నుంచి సొంతూరు దాకా ప్రతి వంతెన కిందా దిగి కొలిచాడు. పి.గన్నవరం దగ్గర గోదారి మీదుగా కాలువని దాటించే అక్విడెక్టు కూడా చూసుకున్నాడు. అన్నిటి కిందా పడవ దూరుతుంది. అన్నిటికన్నా కిందికున్నది తమ ఊరి ముందు వంతెన. దాని కింద కూడా రెండు వేళ్ళ సందు మిగిలింది. ఆయన జీవితంలో ఇంత పకడ్బందీగా ఏ పనీ చెయ్యలేదు.

బయల్దేరే రోజు పోలిరాజు కొబ్బరికాయ కొట్టాడు. శ్యామ్‌బాబు ఒడ్డున నిలబడి ప్రార్థన చేశాడు. పని జరిగినన్నాళ్ళూ రోజూ వచ్చి చూసిన జనమంతా గట్టు మీద వరసగా నిలబడి చేతులూపారు. పోలిరాజు గెడ నొక్కాడు. పడవ అడ్డంగా తిరిగింది. ఇంకోవైపు నొక్కితే అటు అడ్డంగా తిరిగింది. "ఇంజనుంటేనా అండీ" అన్నాడతను. కాలువ వాలు వాళ్ళని కరుణించి, పడవని ఎలాగో మొదటి వంతెన దాకా చేర్చింది. అక్కడ కప్పు అంచు వంతెనకి ఠంగున తగిలి ఆగిపోయింది.

మాణిక్యాలరావు నమ్మలేదు. కర్ర తీసి వంతెన కొలిచాడు. గాటు కన్నా వంతెన పైనే ఉంది. పడవ కొలిచాడు. గాటు మీద బెత్తెడు పైనే ఎక్కువుంది.

"రాత్రికి రాత్రి పడవ పెరిగిందా?" అన్నాడు.

"తడికి ఉబ్బిందేమోనండి" అన్నాడు పోలిరాజు, మర్యాదకి.

వెనక గట్టు మీద నడిచొస్తున్న జనం కూడా చేరి తలా ఒక మాటా అన్నారు. కప్పు కోసెయ్యమన్నవాళ్ళున్నారు. పడవలోకి నీళ్ళు పొయ్యమన్నవాళ్ళున్నారు. ఆ జనాన్ని చూస్తూ ఉంటే మాణిక్యాలరావుకి ఆలోచన మోసుకొచ్చే ఆ తర్వాత బస్సు అప్పుడొచ్చింది. కోనసీమలో ఒక మనిషి పని చేసుకుంటూ ఉంటే పదిమంది వచ్చి కూర్చుని చూడకపోవడం మర్యాద కాదు. కప్పు వేసిన రోజు నుంచీ ఈ పదిమందీ, వాళ్ళ చుట్టాలూ, ఆ నీడలో, పడవలోనే కూర్చుని టీలు తాగుతూ సలహాలిచ్చారు. ఆయన కర్ర పెట్టి కొలిచింది వాళ్ళందరూ లోపల ఉండగా. ఇవాళ వాళ్ళు దిగి టాటా చెప్పారు, పడవ లేచి కూర్చుంది.

"ఏవండీ, అందరూ ఒకసారి ఎక్కండి" అన్నాడు.

ఇసుక బస్తాలు వెయ్యొచ్చుగా అని ఎవరైనా అనొచ్చు. ఈ రోజుల్లో ఇసుక దొరకడం కష్టం, చూడ్డానికొచ్చిన జనం దొరకడం తేలిక. అందరూ బిలబిలా ఎక్కారు. ఎక్కినవాళ్ళు గుమ్మం దగ్గరే గుంపు కట్టడంతో పడవ వెనక్కి వాలింది. అప్పుడు మాణిక్యాలరావు గొంతు దానంతట అదే లేచింది. "ముందుకి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది. నిలబడ్డవాళ్ళు రాడ్డు పట్టుకోండి. చేతులు బయట పెట్టకండి. పెద్దావిడకి సీటియ్యండమ్మా." పడవ సమంగా దిగింది. పోలిరాజు గెడ నొక్కితే కప్పు వంతెన కిందికి గీసుకోకుండా దూరింది. అవతల అందరూ దిగి, కాఫీలకి మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగి, నడుచుకుంటూ వెనక్కిపోయారు.

ఆ తర్వాత ఆ ప్రయాణం ప్రయాణంలా లేదు, బస్సు ట్రిప్పులా నడిచింది. పడవ మనిషి నడకతో సమానంగా పోతుంది కాబట్టి ఎవరి రేవూ తప్పించుకోడానికి వీల్లేదు. బట్టలుతికేవాళ్ళు, గేదెల్ని కడిగేవాళ్ళు "కండక్టరు గారేగదండీ?" అని పలకరిస్తారు. ఆగకపోతే బాగోదు, ఆగితే పెసరట్టు తినకుండా కదలనివ్వరు. మాణిక్యాలరావు ప్రతి వంతెనకీ ముందు రేవులో జనాన్ని ఎక్కించుకుని, తర్వాత రేవులో దించుతూ పోయాడు. మధ్యలో పోలిరాజుకి గెడ వెయ్యడం పట్టుబడింది. పట్టుబడింది అంటే, పడవ గుద్దుకునే ముందు "గుద్దుకుంటందండి" అని చెప్పగలిగేవాడు.

అక్విడెక్టు మీద పడవ సాగుతూ ఉంటే కింద ఎక్కడో గోదారి, పక్కన రోడ్డు, రోడ్డు మీద రాజోలు బస్సు. డ్రైవరు దానం కిటికీలోంచి తల బయటపెట్టాడు. మాణిక్యాలరావు పక్కన పదిహేనేళ్ళు స్టీరింగు తిప్పిన మనిషి.

"బళ్ళు ఓడలవుతాయంటే సామెత అనుకున్నాను గురూ. నిజంగానే చేసేరు."

"నీ బండికి ఉన్న రొద నా బండికి లేదు దానం" అన్నాడు మాణిక్యాలరావు. అది ఆయన జీవితంలో గర్వంగా అన్న మాటల్లో ఒకటి.

రెండో రోజు పొద్దు వాలే వేళకి సొంత ఊరి ముందు వంతెన దగ్గరికొచ్చారు. అన్నిటికన్నా కిందికున్నది అదే. ఎక్కించుకోడానికి చూస్తే గట్టు మీద పురుగు లేదు. చేలల్లోకి కోత యంత్రం దిగిందని ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఫోన్లు చేస్తే ఆ యంత్రం మోత తప్ప మాట వినపడలేదు. అదే సమయానికి కాలువ చూసుకునే లస్కరు సైకిలు మీద వచ్చి, ఒక కాలు దించి, చాలా మర్యాదగా పిడుగులాంటి కబురు చెప్పాడు.

"పైన తలుపులు దింపేసేరండి. చీకటిపడేసరికి తగ్గడం మొదలవుద్దండి. మరి పడవ దాటించేసుకుంటే బాగుంటదేమో చూడండి."

నీళ్ళు తగ్గేదాకా ఆగి దాటిద్దామా అంటే, వంతెనకీ పాతమిల్లు రేవుకీ మధ్య మట్టి మేట ఉంది. వంతెన కింద కప్పు దూరేంత నీళ్ళు తగ్గాయంటే, ఆ మేట మీద పడవ కూర్చుండిపోతుంది. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. మనుషులు కావాలి.

మనుషులు రాలేదు గానీ వంతెన మీదికి అంజిబాబు కారు వచ్చింది. అందులోంచి అంజిబాబూ, వెనకే లీలావతీ దిగారు.

"కాలవ కట్టేసేరని తెలిసిందండి బావగారూ. మీరేం బెంగెట్టుకోకండి. సామానంతా ఇవాళే పైగదికి చేర్పించేస్తాను. ఆ పడవని అక్కడే ఏ చెట్టుకో కట్టేసి వచ్చెయ్యండి" అన్నాడు అంజిబాబు. అతని గొంతుకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"కప్పు ఊడదీసేద్దామండి. గంట పని" అన్నాడు పోలిరాజు మెల్లిగా.

"వద్దు."

"మళ్ళీ బిగించుకోవచ్చు కదండి."

"చెక్క కోస్తే గానీ ఊడదు. కోసింది మళ్ళీ అంత ఎత్తు రాదు. వద్దన్నానా?" అన్నాడు మాణిక్యాలరావు. ఆయన కసురుకోవడం పోలిరాజు అదే మొదటిసారి వినడం.

లీలావతి వంతెన మీంచి ఆ గదిని చూస్తోంది. కొంగ కూర్చున్న రోజు తర్వాత దాన్ని చూడడం అదే మొదలు.

అప్పుడు దూరంగా బస్సు హారను వినిపించింది. దానం బస్సు, రాజోలు నుంచి తిరుగు ట్రిప్పు. మాణిక్యాలరావు పంచె ఎగగట్టి గట్టెక్కి, రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు. జీవితమంతా ఇతరులు ఎత్తిన చేతులు చూసిన మనిషి, తను ఎత్తడం అదే మొదలు.

బస్సు ఆగింది. "ఎక్కుతారా గురూ?" అన్నాడు దానం.

"ఎక్కను. అందర్నీ దించు."

సంగతి చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇదే వేరే జిల్లా అయితే జనం తిట్టి ఉందురు. ఇక్కడ సగం మంది మాట పూర్తి కాకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు దిగుతున్నారు. ఒక్క ముసలావిడ మాత్రం బస్సు మెట్టు మీద నిలబడి కదల్లేదు. పేరు జయమ్మ.

"ఆమధ్య నగరం ఊరి స్టాపులో వానలో చెయ్యెత్తితే ఆపకుండా పోయేరు కండక్టరు గారు. గుర్తుందాండీ?"

"ఆ రోజు బస్సు ఫుల్లండి."

"మరి ఇయ్యాళో?"

"ఇయ్యాళ ఫుల్లవ్వాలండి. దయచేసి ఎక్కండమ్మా."

జయమ్మ గారు ఆ 'దయచేసి'ని రెండోసారి కూడా చెప్పించుకుని అప్పుడు ఎక్కింది.

"ముందుకి జరగండి, మధ్యలో ఖాళీ ఉంది" అంటూ మాణిక్యాలరావు సర్దుతున్నాడు. ముందు మొనలో పోలిరాజు కప్పు అంచు వంకా వంతెన వంకా చూస్తూ చెబుతున్నాడు. "ఇంకా నాలుగు వేళ్ళు దిగాలండి... మూడు వేళ్ళండి." కాలువ నడుముల్లోతే కాబట్టి మునిగినా లేచి నిలబడొచ్చు. ఆ ధైర్యంతో బస్సంతా పడవలోకి వచ్చేసింది, చివరికి దానం కూడా. "రెండు వేళ్ళండి" అని పోలిరాజు ఆగిపోయాడు. ఎక్కడానికి ఇంకెవరూ లేరు.

మాణిక్యాలరావు వంతెన మీదికి చూశాడు. పైగది వద్దంటూ పైగది ఆసామినే సాయమడగాలి. గొంతు సవరించుకున్నాడు.

"అంజీ, ఒకసారి ఎక్కుతావా?"

"నేనెక్కితే మునుగుద్దేమోనండి బావగారూ."

"మునగాలనే బాబూ."

అంజిబాబు ఏ క్షణానా చెడ్డవాడు కాదని చెప్పానుగా. కొత్త చెప్పులు విప్పి, బురదలోంచి వచ్చి, రెండు చేతులతో గుమ్మం పట్టుకుని ఎక్కాడు. పడవ ఒక్కసారి మూలిగి దిగింది. జనమంతా అతన్ని నడిమధ్యకి నెట్టారు.

"ఒక వేలు కూడా లేదండి. గోరంత. గోరంత తగులుతోందండి" అన్నాడు పోలిరాజు.

పైన మిగిలింది లీలావతి ఒక్కతే. పడవలో వాళ్ళందరూ కిటికీల్లోంచి ఆవిడనే చూస్తున్నారు. కాలు పెడతానని మాటివ్వలేదు ఆవిడ. పడవ దాటించుకోడానికి బరువు కోసం రమ్మని మాణిక్యాలరావు ఆవిణ్ణి ఎలా అడుగుతాడు? దిగి, ఇంక చాలు, అందరికీ దండం అనేద్దామనుకున్నాడు. గెడ కింద పెట్టమని పోలిరాజుకి సైగ కూడా చేశాడు.

లీలావతి కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. గట్టు దిగి, నీళ్ళలో రెండడుగులేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెనక మెట్టెక్కింది. అలవాటు చొప్పున తల వంచుకునే గుమ్మంలోకి వచ్చింది. లోపలికొచ్చాక మెల్లగా తలెత్తింది. ఇంకొంచెం ఎత్తింది. చెయ్యి పైకి పెట్టి కప్పు తడిమింది. అంతమంది మధ్యా ఆవిడ నిటారుగా నిలబడింది.

"దిగిందండి. దూరుద్దండి" అన్నాడు పోలిరాజు.

"తలలు లోపల" అన్నాడు మాణిక్యాలరావు. దానం అందుకుని గట్టిగా చెప్పాడు. "తలలు లోపలండీ. రైట్."

కప్పు రేకు వంతెన కింద సన్నగా కీచుమంటూ గీసుకుంది. ఆ కొసకి పోయేసరికి పాతిక మంది ఊపిరి ఒక్కసారిగా వదిలారు. పడవ అవతలికొచ్చింది. మేట తగలకముందే గట్టుకి ఆనించి అందర్నీ దించారు. ఎవరి సంచీ వాళ్ళు తీసుకుని, జయమ్మ గారితో సహా, పరిగెత్తి బస్సెక్కారు. అంజిబాబు దిగితే పడవ జానెడు లేచినట్టనిపించింది.

"రా అక్కా, కారెక్కు. బావగారూ, మీరూ వచ్చెయ్యండి. రేవుకి పోలిరాజు తీసుకుపోతాడు. రాత్రికి మనింట్లో భోజనం చేసి, ఆ పైగదిలో పడుకుని, మిగతాది రేపు చూసుకుందురు."

లీలావతి దిగలేదు. కిటికీ పక్కనే నిలబడి ఉంది. గది నాలుగు మూలలూ చూసి, పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నట్టుగా చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వెళ్ళిరా అంజీ. రేపు మధ్యాహ్నం మరదల్ని తీసుకుని భోజనానికి రండి. మా ఇంటికి."

ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట మాణిక్యాలరావు వినలేదు. ఎవరైనా అడిగితే 'మేముండే వాటా' అనేది, 'మా చోటు' అనేది. ఆయన పైరాడ్డు పట్టుకుని ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అలా చూస్తారేంటండీ?" అంది లీలావతి. "అంతమంది ఎక్కిన తొక్కిడికి సందులు వదిలినట్టున్నాయి, అడుగున నీళ్ళూరుతున్నాయి. భోజనాలకి నేల తడిగా ఉంటే వాళ్ళేమనుకుంటారు? ముందవి తోడండి."

మాణిక్యాలరావు తపేలా తీసుకుని వంగి నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. రేవు వచ్చేదాకా తలెత్తలేదు. ఎత్తితే ఆవిడకి మొహం కనపడుతుంది.